మంచు పడే ఊర్లో ఇల్లు: కారు ఎక్కడ పెడతారు, మంచు ఎవరు తోస్తారు?

డిసెంబరు వచ్చిందంటే కడపలో మా ఇంటికి ఎవరో ఒకరు ఫోన్ చేతిలో పట్టుకుని వస్తారు. కొడుకో కూతురో జనవరిలో ఎమ్మెస్‌కు పోతుంటారు. ఫోన్‌లో మూడు ఇండ్ల ఫోటోలు ఉంటాయి. నేను న్యూయార్క్ రాష్ట్రంలో, ఆంటారియో సరస్సు దగ్గర ఒక చిన్న ఊర్లో ఎనిమిది చలికాలాలు గడిపి వచ్చినవాణ్ని కాబట్టి, ఏ ఇల్లు తీసుకోవాలో నేను చెప్పాలని వాళ్ల ఆశ.

మొన్న పక్కవీధి నుంచి తండ్రీకూతుళ్లు వచ్చారు. మొదటి ఇల్లు అన్నింటికంటే చవక, యూనివర్సిటీకి నడిచిపోయేంత దగ్గర, కారు మాత్రం రోడ్డు మీద పెట్టుకోవాలి. రెండోది పాత చెక్క ఇంట్లో పై వాటా. పక్కన కారు పెట్టుకోవడానికి సన్నటి దారి, అక్కడి మాటలో డ్రైవే, ఉంది గానీ నలుగురికీ అదొక్కటే. మూడోది అపార్ట్‌మెంట్ల సముదాయం. బస్సులో పావుగంట దూరం, అద్దె కొంచెం ఎక్కువ, కార్లు పెట్టుకోవడానికి పెద్ద లాట్ ఉంది. తండ్రి వంటింటి గురించి, వేడినీళ్ల గురించి, ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారనే దాని గురించి అడుగుతున్నాడు. అన్నీ అడగాల్సినవే. నేను ఆ అమ్మాయిని ఒకటే అడిగాను: "రాత్రంతా మంచు పడింది, తెల్లవారుజాము మూడయింది. అప్పుడు నీ కారు ఎక్కడుంటది?"

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఇంటి ప్రకటనలో ఆ సంగతి ఉండదు కదా. నన్నడిగితే మంచు పడే ఊర్లో ముందు కారుకు చోటు చూసుకోవాలి, తర్వాతే మనిషికి. కారు కొనే ఉద్దేశమే లేకపోతే లెక్క వేరే, దాని గురించి కూడా చెప్తాను.

పదడుగుల మంచు అంటే ఎన్ని నీళ్లు?

న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న సిరక్యూజ్ లాంటి ఊర్లో ఒక చలికాలంలో పడే మంచంతా కలిపితే సగటున పది అడుగుల దాకా వస్తుంది. మనవాళ్లకు ఆ అంకె వింటేనే గుండె జారుతుంది. కానీ పది ఇంచుల మంచు కరిగితే సుమారు ఒక ఇంచు నీళ్లు వస్తాయని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన పదడుగుల మంచు కరిగితే వచ్చేది అడుగు నీళ్లు, అంటే 300 మిల్లీమీటర్లు. వానలు లేవని మనం ఏడ్చే కడపలోనే ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నీళ్ల లెక్కలో చూస్తే మన వానలో సగం కూడా లేదు.

తేడా ఎక్కడొస్తుందంటే, వాన పడిన నీళ్లు ఏదో ఒక దారి చూసుకుని పోతాయి. 2020 నవంబరులో నివర్ తుఫానప్పుడు కడపలో బుగ్గవంక వాగు పొంగి వీధుల్లోకి వచ్చింది, బండ్లు మునిగాయి, జనం నానా అవస్థ పడ్డారు. అయినా నీళ్లు కొన్నాళ్లకు తీశాయి. మంచు ఎక్కడికీ పోదు. ఎవరో ఒకరు ఎత్తి పక్కన పోస్తే తప్ప కదలదు. పోసిన చోట మార్చి దాకా అట్లే ఉంటుంది. దాని మీద ఇంకో మంచు, ఆ పైన ఇంకోటి. మధ్యలో ఒకరోజు కాస్త కరిగి రాత్రికి మళ్లీ గడ్డకట్టిందంటే ఇక అది రాయే. కాబట్టి ఎంత పడుతుందనే దానికంటే, పడినదాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి తోస్తారనేదే మీ రోజువారీ బతుకును నడిపిస్తుంది.

రోడ్డు మీద పెట్టడం: చవకే, కానీ కాపలా మీది

పండగ ముందు సాయంత్రం కడప వై.వి. స్ట్రీట్‌లో బండి పెట్టడానికి తిరిగినవాళ్లకు రోడ్డు మీద చోటు కష్టం కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడైతే ఎవరో ఒకరు "కొంచెం జరుపన్నా" అంటారు, జరుపుతాం, అయిపోతుంది. అక్కడ జరపమని చెప్పడానికి ఎవరూ రారు. బండి రోడ్డు మీద ఉంటే మంచు తోసే ప్లో బండికి అడ్డం. అందుకే ప్రతి ఊరూ తనకంటూ ఒక నియమం పెట్టుకుంది, ఆ నియమం ఊరూరికీ మారుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇందులో మూడు తరహాలు కనిపిస్తాయి. ఒకటి, మంచు పడినా పడకపోయినా చలికాలమంతా రాత్రిపూట కొన్ని రోడ్ల మీద బండి పెట్టకూడదనడం. షికాగోలో కొన్ని పెద్ద రోడ్ల మీద డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల వరకు ఇదే నిషేధం. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా సరే, బండి ఎత్తుకుపోతారు. రెండోది సరి–బేసి. ఇంటి నంబర్లు రోడ్డుకు ఒక పక్క సరిసంఖ్యలు, ఇంకో పక్క బేసిసంఖ్యలు ఉంటాయి. తేదీని బట్టి ఈ రోజు ఈ పక్క, రేపు ఆ పక్క. మూడోది స్నో ఎమర్జెన్సీ. గట్టిగా మంచు పడినప్పుడు మునిసిపాలిటీ ప్రకటన ఇస్తుంది, అప్పటి నుంచి నియమాలు మారిపోతాయి. మినియాపొలిస్ చిన్న ఊరేమీ కాదు గానీ, ఈ పద్ధతి ఎట్లా నడుస్తుందో అర్థం కావడానికి అక్కడిది చూడండి. ప్రకటన వచ్చిన రాత్రి 9 నుంచి ఉదయం 8 దాకా ముఖ్యమైన రోడ్లకు రెండు పక్కలా బండి పెట్టకూడదు. రెండో రోజు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా మిగతా వీధుల్లో సరిసంఖ్య ఇండ్ల పక్క పెట్టకూడదు. మూడో రోజు అవే గంటల్లో బేసి పక్క. మూడు రోజులు బండిని చదరంగంలో పావులాగా జరుపుతూ ఉండాలన్నమాట.

మా ఊర్లో సరి–బేసి ఉండేది. మొదటి చలికాలం, డిసెంబరులో, సాయంత్రం తేదీ చూసుకుని చక్కగా సరైన పక్కనే పెట్టి పడుకున్నాను. నియమం అమలయ్యేది అర్ధరాత్రి దాటాక కాబట్టి, చూడాల్సింది తెల్లారబోయే రోజు తేదీ అని నాకు తెలియదు. పొద్దున లేస్తే కారు లేదు. దొంగ ఎత్తుకెళ్లాడనుకుని పోలీసులకు ఫోన్ చేశాను. అవతలి ఆమె నా కారు నంబరు అడిగి, తాపీగా ఒక యార్డు అడ్రస్ చెప్పింది. జరిమానా ఒకటి, లాక్కుపోయిన కూలి ఇంకొకటి, రోజుకింతని కారు ఉంచుకున్న అద్దె మరొకటి. ఆ యార్డుకు బస్సు లేదు. మోకాళ్ల దాకా మంచులో రెండు మైళ్లు నడిచాను. దారిలో అమ్మ కడప నుంచి ఫోన్ చేసి "ఏం నాయనా, తిన్నావా?" అంటే, తిన్నానమ్మా అన్నాను.

లాక్కుపోకపోయినా బాధ తప్పదు. ప్లో బండి రోడ్డు మధ్యలో మంచును పక్కకు తోసుకుంటూ పోతుంది, ఆ పక్కన ఉండేది మీ కారే. కారుకీ రోడ్డుకీ మధ్య నడుము ఎత్తు గట్టు పడిపోతుంది. దాన్ని తవ్వి బయటపడటానికి అరగంట. సాయంత్రం తిరిగొచ్చేసరికి మీరు తవ్విన చోట ఇంకెవరో పెట్టేసి ఉంటారు. దీనికి అక్కడి జనం ఒక ఉపాయం కనిపెట్టారు. తాము తవ్వుకున్న చోట పాత కుర్చీ ఒకటి వేసి పోతారు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి టవలు విసిరి సీటు పట్టుకోవడం లేదూ, అచ్చం అదే. షికాగోలో, పిట్స్‌బర్గ్‌లో ఇది పాత అలవాటు. బోస్టన్‌లో అయితే స్నో ఎమర్జెన్సీ ముగిసిన 48 గంటల దాకా చూసీచూడనట్టు ఊరుకుంటారు. టవలు తీసేసి కూర్చున్నవాడికి మన బస్సులో ఎంత మర్యాద దొరుకుతుందో, కుర్చీ జరిపినవాడికి అక్కడా అంతే. కొత్తగా పోయిన పిల్లలు కుర్చీ కనిపిస్తే ఇంకో చోటు వెతుక్కోవడం మంచిది.

మరి రోడ్డు మీద పెట్టుకునే ఇల్లు ఎవరికి సరిపోతుంది? రాత్రి పది గంటలకు ఇంట్లో ఉండి, మునిసిపాలిటీ పంపే మెసేజ్ చూసి, చెప్పులు వేసుకున్నంత తేలిగ్గా బూట్లు తొడుక్కుని కిందికి దిగి బండి జరపగలిగిన మనిషికి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు, సెలవుల్లో నెలరోజులు కడపకు వచ్చేవాళ్లకు ఇది ఉరితాడే. ఊరికొచ్చిన నెలలో కారును ఎవరు జరుపుతారు?

అపార్ట్‌మెంట్ లాట్: నలుగురితో నారాయణ

లాట్‌లో మంచు తోయించే బాధ్యత యజమానిది. ఆయన ఒక కాంట్రాక్టరును పెట్టుకుంటాడు. మామూలుగా ఆ ఒప్పందంలో ఇన్ని ఇంచులు పడితేనే ప్లో వస్తుందని ఉంటుంది, చాలాచోట్ల అది 2 ఇంచులు. ఇంచున్నర పడితే ఎవడూ రాడు. ఆ ఇంచున్నర మీద నడిచి నడిచి అద్దంలాగా అయ్యాక జారిపడేది మనమే. కాబట్టి మెట్ల మీద, నడకదారిలో ఉప్పు ఎవరు చల్లుతారని వేరుగా అడగాలి.

ప్లో వచ్చినప్పుడు కార్లు అన్నీ ఒక వరస నుంచి ఇంకో వరసకు జరపమంటారు. జరపని కారు చుట్టూ గట్టు కట్టిపోతారు, కొన్నిచోట్ల లాక్కుపోతారు కూడా. రెండు కార్ల మధ్య సందులోకి ప్లో దూరదు కాబట్టి అక్కడిది మీరే తీసుకోవాలి. ఇంకో సంగతి, తోసిన మంచంతా లాట్ మూలన కుప్ప పోస్తారు. ఫిబ్రవరి నాటికి ఆ కుప్ప కొండయి నాలుగైదు కార్ల చోటు మింగేస్తుంది. నంబరు వేసిన సొంత స్థలం ఇస్తారా, దొరికిన చోట పెట్టుకోవడమా అనేది జూలైలో ఇల్లు చూసినవాడికి పట్టదు. ఫిబ్రవరిలో మాత్రం అదే పెద్ద ప్రశ్న.

ఇన్ని లొసుగులు ఉన్నా కొత్తవాళ్లకు నేను చెప్పేది లాట్ ఉన్న ఇల్లే. తప్పు జరిగితే నలుగురికీ జరుగుతుంది, నలుగురూ కలిసి యజమానికి ఫోన్ చేస్తారు. రోడ్డు మీదైతే తప్పు ఎప్పుడూ నీ ఒక్కడిదే.

డ్రైవే: మనదే అనుకుంటాం, పార కూడా మనదే

పాత ఇండ్ల పక్కన ఉండే సన్నటి దారి చూస్తే మనవాళ్లకు ముచ్చటేస్తుంది. లాక్కుపోతారన్న టెన్షన్ లేదు, ఇంటి గుమ్మం పక్కనే కారు. కానీ లెక్క వేయండి. 10 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న మామూలు డ్రైవే మీద అడుగు మంచు పడిందంటే, పదికి ఒకటి లెక్కన దాని బరువు సుమారు 1,100 కిలోలు. మన ఎర్రగుంట్ల వైపు నుంచి లారీల్లో వచ్చే 50 కిలోల సిమెంటు మూటలు 22. క్లాసుకు పోయే ముందు 22 మూటలు ఎత్తి పక్కన వేయాలి. చలి గట్టిగా ఉన్నప్పుడు పడే పొడి మంచు ఇంతకంటే తేలిక. మార్చిలో పడే తడి మంచు మాత్రం దీనికి రెండింతలు తూగుతుంది.

అంతా ఎత్తి, నడుము పట్టుకుని, టీ పెట్టుకుందామని లోపలికి పోతామా, అప్పుడు వస్తుంది ప్లో బండి. డ్రైవే మూతి దగ్గర అడ్డంగా ఒక గట్టు వదిలి పోతుంది. రోడ్డంతా తోసుకొచ్చిన మంచు, ఉప్పు, బురద కలిసి గట్టిపడింది అది. మిగతాదానికంటే బరువు. దీనికి మా పక్కింటి ముసలాయన చెప్పిన కిటుకు ఒకటుంది. డ్రైవేలో రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడి, తీసిన మంచంతా కుడిపక్కకు పోయాలి. ఎడమపక్క రోడ్డు అంచున కొంచెం జాగా ఖాళీ చేసి ఉంచాలి. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి ప్లో ఎడమ నుంచి వస్తుంది, మోసుకొచ్చిన దాంట్లో కొంత ఆ ఖాళీలో దించేస్తుంది, మన మూతి దగ్గరకు వచ్చేసరికి గట్టు చిన్నదవుతుంది. తీసిన మంచును రోడ్డు మీదికి మాత్రం విసరకండి. చాలా ఊర్లలో దానికి జరిమానా ఉంది.

నలుగురికి ఒకటే డ్రైవే అన్నప్పుడు ఇంకో తలనొప్పి. కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టాలి. లోపలివాడికి పొద్దున ఎనిమిదికి క్లాసు ఉంటుంది, బయటివాడు రెండు దాకా మేలుకుని పడుకుని ఉంటాడు. మంచు తీయడానికి వంతులు వేసుకుంటారు, రెండో వారానికి వంతులు ఎగిరిపోతాయి. హైదరాబాదు రూముల్లో గిన్నెలు తోమే వంతుల కథే ఇదీ. నలుగురూ ముందు నుంచి తెలిసినవాళ్లయితే, అందులో ఒకరికైనా పొద్దున లేచే అలవాటు ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే వద్దు.

గరాజ్, అసలు కారే లేకపోవడం

గరాజ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డబ్బుంటే దానికి మించింది లేదు. చంటిపిల్లలున్న ఇంటికి, తెల్లారి నాలుగింటికి డ్యూటీకి పోయే నర్సుకు దాని విలువ తెలుస్తుంది. కారు గరాజ్‌లో ఉన్నా ముందున్న డ్రైవే తీసేది మీరే అని మరవకండి. గరాజ్ వెనక సందులోకి తెరుచుకునేదయితే ఆ సందును ప్లో ఎప్పుడు తోస్తుందో కనుక్కోండి, అన్నింటికంటే చివర వచ్చేది అక్కడికే. ఇంకొకటి, ఇది ప్రాణం మాట: గరాజ్‌లో ఇంజను ఆన్ చేసి కారు వేడెక్కనీయకూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది. బయట మంచులో కూరుకున్న కారుకూ ఇదే వర్తిస్తుంది. సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోతే పొగ లోపలికి తంతుంది. ముందు గొట్టం చుట్టూ తవ్వి, తర్వాతే తాళం తిప్పాలి. 2022 డిసెంబరులో బఫలోను ముంచిన మంచు తుఫానులో చనిపోయినవాళ్లలో కొందరు తమ కార్లలోనే దొరికారు.

జనవరిలో దిగే పిల్లలకు మొదటి చలికాలం కారు వద్దంటాను నేను. తండ్రులకు ఈ మాట నచ్చదు. "కారు లేకుండా అమెరికాలో ఎట్లా?" అంటారు. బస్సు లైను మీద ఇల్లు తీసుకుంటే నాలుగు నెలలు గడిచిపోతాయి. సరుకులకు సీనియర్ల కారులో వారానికోసారి పోవచ్చు. కడప ఎండలో డ్రైవింగు నేర్చుకున్న పిల్ల మంచు రోడ్డు మీద ఎడమ స్టీరింగుకు అలవాటు పడాలంటే రెండు కొత్తలు ఒకేసారి మీద పడతాయి. వేసవిలో కొనుక్కుంటే చేయి తిరిగాక చలికాలం వస్తుంది.

అయితే నడిచేవాళ్లకూ మంచు బాధ ఉంది. ఇంటి ముందు నడకదారి శుభ్రం చేయాల్సింది చాలా ఊర్లలో మునిసిపాలిటీ కాదు, ఆ ఇంటివాళ్లే. మినియాపొలిస్‌లో మంచు ఆగిన 24 గంటల్లో ఇంటివాళ్లు తీయాలి. అందరూ తీస్తారా అంటే, మన వీధిలో అందరూ ఇంటి ముందు కాలువ శుభ్రం చేస్తారా? బస్‌స్టాప్ దాకా దారిలో ఖాళీ ఇల్లో, ఖాళీ స్థలమో ఉంటే ఆ ముక్కలో మంచు అట్లే ఉండిపోతుంది. అక్కడే కాలు జారేది. అడుగున గట్టి పట్టున్న బూట్లు కొనుక్కోండి, కడప నుంచి మోసుకుపోవద్దు. ఇక్కడ దొరికేవి ఆ మంచుకు ఆగవు.

తోసేది ఎవరు? కూలా, గుత్తా?

డ్రైవే ఉన్న ఇల్లే తీసుకున్నారనుకుందాం. అప్పుడు మంచు తీయడానికి మూడు దారులు: చేతి పార, మంచును లాగి పక్కకు విసిరే యంత్రం (స్నో బ్లోయర్), మనిషి.

పారల్లో రెండు రకాలు. ఎత్తిపోసేది ఒకటి, తోసేది ఇంకొకటి. తోసేది మన కళ్లంలో వడ్లు కుప్పకు లాగే పలకలాంటిది. సాధ్యమైనంత వరకు తోయండి, ఎత్తకండి. అడుగు పడే దాకా కూర్చోకుండా మూడు నాలుగు ఇంచులకోసారి తీస్తే బరువు తెలియదు.

ఉప్పు గురించి అందరూ పొరపాటు పడతారు. మామూలు రాతి ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకానే బాగా పనిచేస్తుంది. అంతకంటే చలి పెరిగితే మూటలు మూటలు చల్లినా మంచు కరగదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ కావాలి, ధర ఎక్కువ. లేదంటే కాలు జారకుండా ఇసుక చల్లుకోవాలి. ముందు మంచు తీసి తర్వాత ఉప్పు చల్లాలి. మంచు మీదే ఉప్పు పోసి కరుగుతుందని చూస్తూ నిలబడటం దండగ. ఇదే ఉప్పు కారు అడుగును తుప్పు పట్టిస్తుంది కాబట్టి చలికాలంలో అప్పుడప్పుడు కింది భాగం కూడా కడిగించాలి.

యంత్రం కొనాలా అంటే, అద్దె ఇంట్లో ఉండే విద్యార్థికి వద్దు. సొంత ఇల్లు కొనుక్కున్నవాళ్లకు, సరస్సుల దగ్గరి ఊర్లలో, రెండు దశల పెట్రోలు యంత్రం, అంటే ఒక మర మంచును లోపలికి లాగితే ఇంకోటి బయటికి విసిరేది, పనికొస్తుంది. ప్లో వదిలిన గట్టును చిన్న కరెంటు యంత్రాలు నమలలేవు. యంత్రం గొంతులో మంచు అడ్డుపడితే చేయి పెట్టకండి. ఇంజను ఆపినా లోపలి మర బిగువుతో ఒక్క సుట్టు తిరుగుతుంది, వేళ్లు పోతాయి. కర్రతో తీయండి.

మనిషిని పెట్టుకుంటే మళ్లీ రెండు పద్ధతులు. వచ్చినప్పుడల్లా ఇంత అని ఇచ్చేది కూలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మొత్తం ఇంత అని మాట్లాడుకునేది గుత్త. సరస్సు గాలికి మంచు కురిసే ఊర్లలో గుత్తే మేలు. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే పడే ఊర్లో కూలి చాలు. గుత్త మాట్లాడేటప్పుడు మూతి దగ్గర గట్టు కూడా తీస్తావా, ఒకేరోజు రెండుసార్లు పడితే రెండుసార్లు వస్తావా, ఎన్నిసార్లకు మించితే అదనంగా అడుగుతావు అని తేల్చుకోండి. మన పల్లెల్లో గుత్తలు ఇచ్చినవాళ్లకు ఈ బేరం ఎవరూ నేర్పక్కర్లేదు.

పిల్లల దగ్గరకు పోయే తల్లిదండ్రులకు ఒక మాట. కొడుకు పొద్దున్నే మంచు తోస్తుంటే చూస్తూ కూర్చోలేక "ఇటియ్యి నాయనా, నేను తోస్తా" అని పార అందుకునే నాన్నలను నేను చాలామందిని చూశాను. పొలం పని చేసిన చేతులు కదా, ఆగవు. చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి, చేతులతో బరువు ఎత్తగానే బీపీ ఒక్కసారిగా లేస్తుంది. గుండెపోట్లు వచ్చేది ఇట్లాంటప్పుడే, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా దీని గురించి హెచ్చరిస్తూనే ఉంటుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు కిటికీలోంచి చూడటమే మేలు. అద్దం మీద మంచు కరగాలని వేడినీళ్లు తెచ్చి పోయడం కూడా మనవాళ్లు చేసే పనే. అద్దం పగులుతుంది.

చివరికి ఆ అమ్మాయికి ఏం చెప్పాను

మూడో ఇల్లు తీసుకోమన్నాను. మొదటిదానికీ దీనికీ నెలకు 50 డాలర్ల తేడా అనుకోండి, ఐదు చలినెలలకు 250. ఒక్కసారి కారు లాక్కుపోతే జరిమానా, యార్డు అద్దె, పోయిన రోజు కలిసి ఆ డబ్బులో పెద్ద ముక్కే పోతుంది. పైగా ఆమె ఈ చలికాలం కారు కొనట్లేదు, ఇంటి ముందే బస్సు ఆగుతుంది. వచ్చే చలికాలానికి కారు వస్తుంది, లాట్ ఉండనే ఉంది. ముందే కారు ఉండి, రాత్రిపూట ఇంటి పట్టున ఉండే అబ్బాయి అడిగి ఉంటే మొదటిదే తీసుకోమనేవాణ్నేమో. రెండోది ఆ నలుగురి ముఖాలు చూస్తే తప్ప చెప్పలేను.

సంతకం పెట్టే ముందు యజమానికి మెయిల్ రాయమన్నాను. ఎన్ని ఇంచులకు ప్లో వస్తుంది? ఎన్ని గంటలకు? కార్లు ఎటు జరపాలి, ఆ సంగతి ఎట్లా తెలియజేస్తారు? మెట్లకు ఉప్పు ఎవరు చల్లుతారు? నాకు నంబరు వేసిన స్థలం ఉందా? సెలవుల్లో ఊరికి పోతే కారు సంగతేంటి? ఫోన్‌లో అడగొద్దు, రాసి అడగాలి. "అంతా మేం చూసుకుంటాం" అని జవాబు వస్తే మళ్లీ అడగాలి. జవాబులు ఒప్పందంలోకి ఎక్కాలి.

రెండు రోజుల తర్వాత తండ్రి మళ్లీ వచ్చాడు, ఫోన్‌లో జవాబు చూపించాడు. రెండు ఇంచులు పడితే ప్లో వస్తుంది, పొద్దున ఏడులోపు, ముందురోజు రాత్రి మెసేజ్ పంపిస్తాం, మెట్లు మావే అని రాసి ఉంది. చదివి తల ఊపాను. ఆయన చూపుడువేలు చాపి, కణుపులు లెక్కపెట్టుకుంటూ అడిగాడు: "రెండు ఇంచులంటే ఇంతేనా అన్నా? ఇంతదానికే అన్ని కార్లు జరపాలా?"